ఓపెన్ సోర్స్‌లో ప్రవర్తనా నియమావళి: ఫిర్యాదు వచ్చాక ఏం జరుగుతుంది?

సంక్షిప్తంగా: పేరున్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో (కోడ్‌ను ఎవరైనా చూసి, వాడుకుని, మార్చుకోగల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో) చాలావాటికి ఇప్పుడు రాతపూర్వకమైన ప్రవర్తనా నియమావళి, అంటే కోడ్ ఆఫ్ కండక్ట్ ఉంది. పదేళ్ల కిందట అసలు అలాంటిది అవసరమా అని వాదించుకున్నారు. ఇప్పటి గొడవలు వేరు. ఫిర్యాదు ఎవరి చేతికి వెళ్తుంది, ఎవరు తేలుస్తారు, తేల్చినవాళ్లే తప్పు చేస్తే అడిగేదెవరు అన్న ప్రశ్నల చుట్టూ అవి తిరుగుతున్నాయి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్, ప్రోగ్రామింగ్ భాషలైన రస్ట్, పైథాన్ అనుభవాలు చూస్తే, నియమాల్లో ఏ మాటలు రాశారన్నదాని కంటే వాటి వెనక ఉన్న ఏర్పాటే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించిందని అర్థమవుతుంది.

ప్రాజెక్టు చేతిలో ఉన్నది ఒక్కటే

ఆఫీసులో ఒకరు సహోద్యోగిని తిడితే ఏం చేయాలో దారి తెలుసు. మేనేజర్ ఉంటారు, హెచ్‌ఆర్ ఉంటుంది, ఉద్యోగ ఒప్పందం ఉంటుంది, వాటన్నిటి వెనక ఆ దేశపు కార్మిక చట్టం ఉంటుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఇవేవీ ఉండవు. ప్యాచ్ (కోడ్‌లో చేర్చమని పంపే మార్పు) రాసినవారు ఒక దేశంలో కంపెనీ జీతం మీద పనిచేస్తుంటారు. దాన్ని పరిశీలించేవారు ఇంకో దేశంలో, రాత్రిపూట దొరికిన ఖాళీలో, పైసా తీసుకోకుండా చేస్తుంటారు. ఇద్దరికీ ఉమ్మడి యజమాని లేరు, ఉమ్మడి చట్టం లేదు. చాలాసార్లు ఒకరి ముఖం ఒకరు చూసి కూడా ఉండరు.

అందువల్ల ప్రాజెక్టు చేతిలో మిగిలే అధికారం ఒక్కటే: లోపలికి రానివ్వడం, రానివ్వకపోవడం. కోడ్‌లో నేరుగా మార్పులు చేర్చే కమిట్ హక్కు, ఈమెయిల్ చర్చలు సాగే మెయిలింగ్ లిస్ట్‌లో రాసే అవకాశం, లోపాలు నమోదు చేసే బగ్ ట్రాకర్‌లో ఖాతా, సదస్సుల్లో ప్రవేశం. వీటిని ఇవ్వగలదు, తీసేయగలదు. అంతకు మించి జరిమానా వేయలేదు, జీతం ఆపలేదు.

ఇక్కడ ఒక గందరగోళం తరచూ వస్తుంది. ‘ఓపెన్ సోర్స్ అన్నాక ఎవరినైనా ఎలా ఆపుతారు?’ అని అడుగుతారు. ఏ లైసెన్స్ ఓపెన్ సోర్స్ అవుతుందో చెప్పే ఓపెన్ సోర్స్ డెఫినిషన్‌లోని అయిదో నిబంధన ప్రకారం లైసెన్స్ ఏ వ్యక్తి మీదా, ఏ వర్గం మీదా వివక్ష చూపకూడదు. అయితే ఆ నిబంధన కోడ్‌ను వాడుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి సంబంధించింది. ప్రాజెక్టు నుంచి నిషేధించిన వ్యక్తి కూడా ఆ కోడ్‌ను తీసుకుని ఫోర్క్ చేసుకోవచ్చు, అంటే దాని నకలుతో సొంత ప్రాజెక్టు నడుపుకోవచ్చు, ఎవరూ ఆపలేరు. ఆ ప్రాజెక్టు పేరు, దాని కోడ్ ఉండే రిపాజిటరీ, దాని చర్చా వేదికలు మాత్రం దాన్ని నడిపేవాళ్ల చేతిలోనే ఉంటాయి. వాటిలో పాల్గొనే హక్కును ఏ లైసెన్సూ ఇవ్వదు.

అలాగని నిషేధాన్ని చిన్న శిక్షగా కొట్టిపారేయడానికి లేదు. పెద్ద ప్రాజెక్టుల్లో పనిచేయడమే కొందరికి ఉద్యోగం. ఇంకొందరికి తర్వాతి ఉద్యోగానికి అదే అర్హతాపత్రం. ఫిర్యాదు చేసినవారికీ, ఫిర్యాదు ఎదుర్కొన్నవారికీ ఈ వ్యవహారం ఎందుకంత టెన్షన్ తెచ్చిపెడుతుందో ఇక్కడే తెలుస్తుంది.

రాతలోకి ఎలా వచ్చింది

1997లో డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు రాసుకున్న సోషల్ కాంట్రాక్ట్ వినియోగదారులకు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు తాము కట్టుబడి ఉంటామని చెప్పింది. సభ్యులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలన్నది అప్పట్లో రాసుకోవాల్సిన విషయంగా ఎవరికీ అనిపించలేదు. 2004లో మొదలైన మరో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు ఆ పని తొలినాళ్లలోనే చేసింది. సభ్యత్వం కావాలంటే నియమావళి మీద డిజిటల్ సంతకం పెట్టాలన్న పద్ధతి తెచ్చింది. డెబియన్ సభ్యులు తమ నియమావళిని ఓటింగ్ పెట్టి ఆమోదించుకున్నది 2014లో.

ఈ రెండింటి మధ్య మార్పుకు అసలు ఊపు సదస్సుల నుంచి వచ్చింది. సాంకేతిక సదస్సుల్లో మహిళలపై వేధింపుల ఘటనలు ఒక్కొక్కటిగా బయటపడడంతో, 2011లో ఏర్పడిన ఎడా ఇనిషియేటివ్ అనే సంస్థ నిర్వాహకులు వాడుకోదగ్గ నమూనా విధానాన్ని ప్రచారంలోకి తెచ్చింది. నియమావళి ఉన్న సదస్సులకే ఆర్థిక సాయం చేస్తామని పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2012 చివర్లో ప్రకటించింది. డబ్బుతో ముడిపడేసరికి అంతవరకు చర్చగా ఉన్నది చకచకా ఆచరణలోకి వచ్చింది. మరుసటి ఏడాది పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో ప్రాజెక్టు తన నియమావళి తెచ్చింది. సదస్సు హాలు కోసం పుట్టిన నియమాలు రిపాజిటరీల్లోకి చేరాయి.

2014లో కొరలైన్ ఎడా ఎంకీ తయారుచేసిన కంట్రిబ్యూటర్ కవనెంట్ అనే నమూనా నియమావళి ఈ పనిని ఇంకా సులువు చేసింది. ఒక ఫైలు తెచ్చి ప్రాజెక్టులో పెట్టుకుంటే చాలు. 2017లో ప్రాజెక్టులు తమ కోడ్‌ను ఉంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్ ఆ ఫైలును కొన్ని క్లిక్కులతో చేర్చుకునే సదుపాయం ఇచ్చింది. అదే ఏడాది గిట్‌హబ్ 5,500 మందికి పైగా అభిప్రాయాలతో ఒక సర్వే విడుదల చేసింది. తమకు స్వయంగా చేదు అనుభవం ఎదురైందన్నవారు 18 శాతం. ఇతరులకు ఎదురవడం చూశామన్నవారు 50 శాతం. చూసినవారిలో, అనుభవించినవారిలో 21 శాతం మంది ఆ కారణంగా ఏదో ఒక ప్రాజెక్టుకు పనిచేయడం మానేశామన్నారు. సర్వేకు జవాబిచ్చినవాళ్లలో మహిళలు 3 శాతమే. ఓపెన్ సోర్స్‌ను పూర్తిగా వదిలి వెళ్లిపోయినవారు ఇలాంటి సర్వేల్లో కనిపించే అవకాశం తక్కువ కాబట్టి, నష్టాన్ని ఈ అంకెలు తక్కువ చేసి చూపిస్తున్నాయని అనుకోవడానికి కారణం ఉంది.

వ్యాపార ఒత్తిడి కూడా పనిచేసింది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ తయారీదారులు తమకు నియమావళి ఎందుకు కావాల్సి వచ్చిందో దాపరికం లేకుండా చెప్పారు. కొందరు ఖాతాదారుల సరఫరాదారు నమోదు పత్రంలో ‘మీకు కోడ్ ఆఫ్ కండక్ట్ ఉందా’ అనే గడి ఉంది, దాన్ని నింపాలి. వాళ్లు ఆరో శతాబ్దానికి చెందిన క్రైస్తవ సన్యాసుల నియమావళిని తెచ్చి పెట్టారు. 2018లో దాని మీద పెద్ద దుమారం రేగాక దాని పేరును కోడ్ ఆఫ్ ఎథిక్స్‌గా మార్చారు. గడి నింపడానికి తెచ్చుకున్న పత్రానికీ, ఫిర్యాదు వస్తే నిలబడే పత్రానికీ మధ్య ఎంత దూరం ఉందో ఈ ఉదంతం చూపిస్తుంది.

లినక్స్ కెర్నల్: పదేళ్ల ప్రయాణం

ఈ చరిత్రంతా ఒకేచోట కనిపించేది లినక్స్ కెర్నల్‌లో. అక్కడి మెయిలింగ్ లిస్ట్‌లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ సహా సీనియర్లు కోడ్‌తో పాటు కోడ్ రాసినవారినీ చీల్చి చెండాడడం అందరికీ తెలిసిందే. 2013లో ఈ తీరును బహిరంగంగా ప్రశ్నించినప్పుడు టోర్వాల్డ్స్ దాన్ని సమర్థించుకున్నారు. మొహమాటానికి పోతే నాసిరకం కోడ్ లోపలికి వస్తుందన్నది ఆ వాదన సారాంశం.

2015 మార్చిలో కెర్నల్ కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్ అనే చిన్న పత్రం పెట్టుకుంది. మీ కోడ్ మీద విమర్శ తప్పదు, అయినా వ్యక్తిగతంగా దూషణకో బెదిరింపుకో గురైతే లినక్స్ ఫౌండేషన్ టెక్నికల్ అడ్వైజరీ బోర్డుకు చెప్పండి అన్నది దాని సారం. ఏది దూషణ, ఫిర్యాదు అందాక ఏ మెట్లు, ఎలాంటి చర్య అన్న వివరాలు అందులో లేవు.

2018 సెప్టెంబర్ 16న రెండు జరిగాయి. తన ప్రవర్తన మనుషులను గాయపరిచిందని ఒప్పుకుంటూ, క్షమాపణ చెబుతూ టోర్వాల్డ్స్ కొంతకాలం పక్కకు తప్పుకున్నారు. అదే రోజు కంట్రిబ్యూటర్ కవనెంట్ ఆధారంగా కొత్త నియమావళి కెర్నల్‌లోకి వచ్చింది. కెర్నల్ 4.19 వెర్షన్ విడుదల పనిని మరో సీనియర్ డెవలపర్ గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ పూర్తిచేశారు. డెవలపర్లు మూకుమ్మడిగా తమ కోడ్ లైసెన్సులు వెనక్కి తీసుకుంటారని అప్పట్లో గట్టిగా ప్రచారం సాగింది. అలాంటిదేమీ జరగలేదు. అక్టోబర్‌లో టోర్వాల్డ్స్ తిరిగి వచ్చారు, విడుదలలు ఆగలేదు.

అంతగా ప్రచారంలోకి రాని, కానీ ఎక్కువ ప్రాధాన్యమున్న పని ఆ అక్టోబర్‌లోనే జరిగింది. నియమావళిని కెర్నల్ పనికి ఎలా అన్వయించాలో చెప్పే వ్యాఖ్యాన పత్రం ఒకటి చేర్చారు. ప్రత్యేక కమిటీ ఏర్పడింది. నిష్పాక్షికంగా మధ్యవర్తిత్వం చేయడానికి కెర్నల్ డెవలపర్ కాని న్యాయవాది మిషీ చౌదరిని తీసుకున్నారు. కమిటీ తీర్మానాన్ని టెక్నికల్ అడ్వైజరీ బోర్డు మూడింట రెండొంతుల ఓటుతో తోసిపుచ్చవచ్చని రాసుకున్నారు. అరువు తెచ్చుకున్న నమూనాకు ఇలా ప్రాజెక్టు అవసరాలకు తగ్గ అమలు పద్ధతి తోడైంది.

ఆ పద్ధతికి గట్టి పరీక్ష 2024 నవంబర్‌లో వచ్చింది. డిస్క్‌లో ఫైళ్లను అమర్చే బికాష్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ నిర్వాహకుడు కెంట్ ఓవర్‌స్ట్రీట్ తోటి డెవలపర్‌ను తీవ్రంగా దూషించారు, బహిరంగ క్షమాపణకు అంగీకరించలేదు. కెర్నల్ 6.13 వెర్షన్ తయారీ కాలంలో ఆయన పంపే మార్పులను తీసుకోకూడదని కమిటీ సిఫారసు చేసింది, బోర్డు ఆమోదించింది. చర్య పరిమితం, గడువు స్పష్టం, కారణం బహిరంగం. ఒక ఫైల్ సిస్టమ్‌ను నమ్ముకున్న వినియోగదారులకు మెరుగుదలలు ఆలస్యమవుతాయి కదా అన్న అభ్యంతరం వచ్చింది, అది నిజమైన నష్టమే. అయితే 2015 నాటి పత్రంతో ఇలాంటి నిర్ణయం తీసుకోవడానికి దారే ఉండేది కాదు.

పైవాళ్ల మీద ఫిర్యాదు వస్తే

నియమావళి కొత్తగా వచ్చినవారి మీద సులువుగానే అమలవుతుంది. కష్టమంతా ఎక్కువ కోడ్ రాసినవారి మీద, పదవిలో ఉన్నవారి మీద ఫిర్యాదు వచ్చినప్పుడే. 2017లో సర్వర్లలో జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే నోడ్.జెఎస్ ప్రాజెక్టు సాంకేతిక కమిటీ తన సభ్యుల్లో ఒకరిని తప్పుకోమని కోరే విషయం మీద ఓటు వేసుకుంది. తీర్మానం వీగిపోయింది. దానికి నిరసనగా కొందరు కమిటీ వదిలేశారు, ఆయో పేరుతో ఫోర్క్ కూడా మొదలైంది. తీర్పు సరైనదా కాదా అన్న చర్చ అలా ఉంచితే, సభ్యుడి మీద ఫిర్యాదును అదే కమిటీలో కూర్చున్న సహచరులు తేల్చడంలోనే అసలు ఇబ్బంది ఉంది.

రస్ట్‌లో ఇదే ఇబ్బంది ఇంకో రూపంలో వచ్చింది. మంచి వాతావరణానికి రస్ట్ పేరు తెచ్చుకుంది. నియమావళి మొదటి నుంచీ ఉంది, దాన్ని అమలు చేసే మోడరేషన్ టీమ్ ఉంది. అయినా 2021 నవంబర్ 22న ఆ టీమ్ మొత్తం రాజీనామా చేసింది. ప్రాజెక్టును నడిపించే కోర్ టీమ్ తనకు తాను తప్ప ఇంకెవరికీ జవాబుదారీ కాదన్నట్టు ఉందని, ఆ స్థితిలో వాళ్ల విషయంలో నియమావళిని తాము అమలు చేయలేకపోయామని ప్రకటించింది.

రస్ట్ ఆ తర్వాత చేసిన పని మిగతా ప్రాజెక్టులన్నీ చదవాల్సినది. 2023 జూన్‌లో కోర్ టీమ్ స్థానంలో లీడర్‌షిప్ కౌన్సిల్ వచ్చింది. మోడరేటర్లకూ కౌన్సిల్‌కూ మధ్య పడకపోతే ఏం చేయాలో ముందే రాసిపెట్టారు. రెండింటిలోనూ లేని కొందరిని ప్రత్యామ్నాయ మోడరేటర్లుగా బహిరంగ జాబితాలో ఉంచుతారు. ఒక నిర్ణయం మీద అనుమానం వస్తే తనిఖీకి దారి ఉంది. ఏ రకంగానూ తెగకపోతే రెండు పక్షాలూ పదవులు వదులుకుని తాత్కాలిక మోడరేటర్లకు చోటివ్వాల్సిన పరిస్థితి వస్తుంది. ఎవరికీ ఇష్టం లేని ఆ చివరి మెట్టు ఉండడం వల్లే ముందు మెట్ల దగ్గర రాజీపడాలన్న ఒత్తిడి ఇద్దరి మీదా ఉంటుంది.

నిక్స్‌ఓఎస్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టులో 2024లో పాలనా సంక్షోభం వచ్చి, ఎన్నికైన స్టీరింగ్ కమిటీ ఏర్పడింది. 2025 సెప్టెంబర్‌లో అక్కడి మోడరేషన్ టీమ్ ఆ కమిటీ జోక్యాన్ని తప్పుపడుతూ రాజీనామా చేసింది. ఎన్నిక పెట్టినంత మాత్రాన చిక్కు తీరదని, అధికారాల మధ్య గీత కూడా గీసుకోవాలని దీన్ని బట్టి తెలుస్తోంది.

ఎంత చెప్పాలి, ఎంత దాచాలి

ఫిర్యాదుదారు పేరు బయటపడితే ప్రతీకార దాడులు మొదలవుతాయి. అందుకే విచారణ గోప్యంగా సాగుతుంది. కానీ ఏ తప్పుకు ఏ శిక్ష పడిందో తెలియకపోతే బయటి సభ్యులకు నిర్ణయం మీద నమ్మకం కుదరదు. ఈ రెండు అవసరాలూ ఒకదాన్నొకటి లాగుతూనే ఉంటాయి.

2024 ఆగస్టులో పైథాన్‌ను నడిపించే స్టీరింగ్ కౌన్సిల్ ఒక కోర్ డెవలపర్‌ను మూడు నెలలు సస్పెండ్ చేసింది. ప్రకటనలో పేరు లేదు. అయినా అది టిమ్ పీటర్స్ అని అందరికీ వెంటనే తెలిసిపోయింది. పైథాన్ వాడే సార్టింగ్ (జాబితాలను వరుసలో పెట్టే) పద్ధతి ఆయన పేరుమీదే ఉంది, మూడు దశాబ్దాలుగా ఆ భాషతో ఉన్న వ్యక్తి. ఫౌండేషన్ నిబంధనల మార్పు మీద చర్చను లెక్కకు మించిన పోస్టులతో ముంచెత్తారని, కొన్ని రకాల మాటలు వాడారని ప్రకటన ఆరోపించింది. ఏ పోస్టులో ఏ వాక్యం అన్నది చూపలేదు. చర్యను సమర్థించినవారు పదేపదే జరిగిన ప్రవర్తనను మొత్తంగా చూడాలన్నారు. వ్యతిరేకించినవారు ఆ పోస్టులు బహిరంగంగానే ఉన్నాయి కదా, వేలు పెట్టి చూపించడానికి ఏం అడ్డమని అడిగారు.

ఇక్కడ వ్యతిరేకుల ప్రశ్నలో బలం ఉంది. గోప్యత అవసరమయ్యేది ఫిర్యాదుదారును కాపాడడానికి. మాటలన్నీ అందరూ చదివే చోటే జరిగినప్పుడు ఆ కారణం చాలావరకు పోతుంది. కెర్నల్ కమిటీ 2024లో ఏ సందేశం మీద చర్య తీసుకుందో అందరూ వెళ్లి చదువుకోగలిగారు. వాదోపవాదాలు అక్కడా జరిగాయి, కానీ అసలు ఏం జరిగిందన్నది అందరి ముందూ ఉంది.

తొందరపాటు బహిరంగత కూడా దెబ్బ తీస్తుంది. 2021లో పెర్ల్ ప్రోగ్రామింగ్ భాషకు అండగా ఉండే పెర్ల్ ఫౌండేషన్ తరఫున ఒక బృందం ఫిర్యాదుల మీద పారదర్శకత నివేదికలు విడుదల చేసింది. విచారణ పద్ధతిలో లోపాల మీద విమర్శలు వచ్చాక బోర్డు వాటిని ఉపసంహరించుకుంది. అప్పటికి ఆ ఆరోపణలు ఇంటర్నెట్ అంతా చేరిపోయాయి. ఫిర్యాదు చేసినవారికీ ఎదుర్కొన్నవారికీ ఇద్దరికీ న్యాయం జరగలేదన్న భావనే మిగిలింది.

ప్రాజెక్టు బయట మాట్లాడిన మాటలు

2015లో ఓపల్ అనే చిన్న ప్రాజెక్టులో ఒక సభ్యుడు ట్విట్టర్‌లో ట్రాన్స్‌జెండర్ల గురించి అన్న మాటలకు ఆయన్ను తీసేయాలన్న డిమాండ్ వచ్చింది. నిర్వాహకులు తీసేయలేదు, తర్వాత నియమావళి మాత్రం తెచ్చుకున్నారు. కంట్రిబ్యూటర్ కవనెంట్ ప్రకారం నియమాలు ప్రాజెక్టు వేదికల్లోనూ, బయట అధికారికంగా ప్రాజెక్టు తరఫున మాట్లాడేటప్పుడూ వర్తిస్తాయి. వినడానికి స్పష్టంగానే ఉంది. కానీ సొంత ఖాతాలో ఒక వర్గాన్ని అవమానించే వ్యక్తి రేపు అదే వర్గానికి చెందినవారి ప్యాచ్‌ను పరిశీలించాల్సి వస్తే, ఆ కొత్త మనిషి ఏ ధైర్యంతో పంపాలి? మరోవైపు, బయటి జీవితమంతా ప్రాజెక్టు పరిధిలోకి వస్తే దానికి అంతెక్కడ?

లినక్స్ డెస్క్‌టాప్ ప్రాజెక్టులకు హోస్టింగ్ ఇచ్చే ఫ్రీడెస్క్‌టాప్.ఆర్గ్ 2024లో తీసుకున్న నిర్ణయం ఈ చిక్కును ఇంకాస్త పెంచింది. తెర మీద విండోలను అమర్చే హైప్రల్యాండ్ అనే సాఫ్ట్‌వేర్ ప్రధాన డెవలపర్‌ను, ఆయన సొంత కమ్యూనిటీలో జరిగిన ప్రవర్తనకు సంబంధించిన వివాదంలో, తమ వేదిక నుంచి నిషేధించింది. ఫ్రీడెస్క్‌టాప్ ఒక్క ప్రాజెక్టు కాదు. వేలాండ్, మీసా, హైప్రల్యాండ్ అప్పట్లో ఆధారపడిన డబ్ల్యుఎల్‌రూట్స్ వంటి ప్రాజెక్టులన్నీ అక్కడే ఉంటాయి. ఒక్క నిషేధంతో వాటన్నిటి తలుపులూ మూసుకున్నాయి. కొన్ని నెలలకే హైప్రల్యాండ్ డబ్ల్యుఎల్‌రూట్స్‌ను వదిలి సొంత లైబ్రరీకి (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌కు) మారింది. హోస్టింగ్ ఇచ్చే సంస్థ నియమావళి ప్రభావం ఎంత దూరం వెళ్తుందో ఇందులో కనిపిస్తుంది. అలాంటి చోట్ల అప్పీలుకు అవకాశం ఇంకా గట్టిగా ఉండాలి.

పొడుగు పత్రమా, పొట్టి పత్రమా

రూబీ ప్రోగ్రామింగ్ భాషలో 2016లో కంట్రిబ్యూటర్ కవనెంట్ పెట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆ భాష సృష్టికర్త మత్సుమొతో దాన్ని కాదని కొన్ని వాక్యాల మార్గదర్శకాన్నే ఎంచుకున్నారు. 2018లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ తాను మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టుకు మర్యాదగా మాట్లాడే మార్గదర్శకాలు రాశారు. శిక్షలతో కూడిన నిబంధనలు వద్దని, మనుషులు మెరుగవడానికి సాయపడాలని ఆయన వాదన. మామూలు దురుసుతనానికి ఇది పనికొస్తుంది. ఉద్దేశపూర్వకంగా వేధించే మనిషి విషయంలో మార్గదర్శకం చేయగలిగింది ఏమీ లేదు.

వివరంగా రాసిన పత్రాలకూ కష్టాలున్నాయి. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టు 2018లో తెచ్చిన వివరమైన నియమావళి మీద వ్యతిరేకత వచ్చింది. 2020లో డెవలపర్ల అభిప్రాయం తీసుకుని ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చే సాధనాల ప్రాజెక్టు ఎల్‌ఎల్‌వీఎం నియమావళి పాఠం ఆధారంగా ఇంకొకటి తెచ్చారు. ఎల్‌ఎల్‌వీఎం నుంచి 2018లో ఒక సీనియర్ డెవలపర్ వెళ్లిపోతూ చెప్పిన కారణాల్లో ఆ నియమావళి కూడా ఉంది. ఒకచోట మనిషిని పోగొట్టిన పాఠమే ఇంకోచోట సర్దుబాటు తెచ్చింది. పాఠంలోని పదాల కంటే దాన్ని ఎవరితో మాట్లాడి, ఎలా తెచ్చారన్నదే ఎక్కువ పనిచేసినట్టుంది.

2019లో వచ్చిన కంట్రిబ్యూటర్ కవనెంట్ 2.0, మొజిల్లా పద్ధతిని అనుసరించి దిద్దుబాటు, హెచ్చరిక, తాత్కాలిక నిషేధం, శాశ్వత నిషేధం అనే మెట్లను చేర్చింది. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది. కానీ అంతకుముందు చాలా ప్రాజెక్టుల ముందు రెండే దారులుండేవి: చూసీ చూడనట్టు ఊరుకోవడం, లేదా పూర్తిగా వెళ్లగొట్టడం. మధ్యలో మెట్లు ఉంటే గొడవ ముదరకముందే ఎవరో ఒకరు కలగజేసుకోగలుగుతారు.

ఒక్కరే నడిపే ప్రాజెక్టుల సంగతి

ఇప్పటిదాకా చెప్పిన కమిటీలు, బోర్డులు, అప్పీళ్లు పెద్ద ప్రాజెక్టులకే సాధ్యం. ప్రపంచం ఆధారపడే లైబ్రరీల్లో చాలావాటిని ఒకరిద్దరే నడుపుతున్నారు. వాళ్లకు బెడద ఎక్కువగా లోపలి నుంచి రాదు, వినియోగదారుల నుంచి వస్తుంది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉదంతంలో 2022లో కొన్ని ఖాతాలు నిర్వాహకుడి మీద మాటల ఒత్తిడి పెట్టాయి. పని నెమ్మదిగా సాగుతోందని, వేరొకరికి అప్పగించాలని సణిగాయి. ఆయన తన మానసిక ఆరోగ్యం బాగాలేదని చెప్పుకోవాల్సి వచ్చింది. అలా లోపలికి వచ్చిన సహ నిర్వాహకుడు పెట్టిన దొంగదారి 2024 మార్చిలో బయటపడింది. పథకం ప్రకారం చేసిన దాడిని నియమావళి ఒక్కటే ఆపేది కాదు. కానీ ఉచితంగా పనిచేసే మనిషిని అలా నిలదీయడం చాలాచోట్ల మామూలైపోయింది కాబట్టే ఆ సందేశాలు ఎవరికీ అనుమానం కలిగించలేదు. వినియోగదారుల దురుసుతనాన్ని కూడా నియమావళి పరిధిలోకి తెచ్చి, అలాంటి చర్చను మూసేసే అధికారం తనకుందని నిర్వాహకుడికి గుర్తుచేయడం ఈ పత్రాల వల్ల కలిగే పెద్ద మేలు. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఫిర్యాదు ఆ ఒక్క నిర్వాహకుడి మీదే అయితే పరిస్థితి వేరు. నమూనా ఫైలును ఉన్నదున్నట్టు అతికించి, ఫిర్యాదుకు ఈమెయిల్ రాయాల్సిన చోటును అలాగే వదిలేసిన రిపాజిటరీలు కనిపిస్తాయి. రాసినా, ఆ ఈమెయిల్ చేరేది ఫిర్యాదు ఎదుర్కొంటున్న మనిషికే. అపాచీ వంటి ఫౌండేషన్ కింద ఉన్న ప్రాజెక్టుల్లో సంస్థ స్థాయిలో ఇంకొకరికి చెప్పుకునే వీలుంది. ఏ గొడుగూ లేని చిన్న ప్రాజెక్టులు కొన్ని కలిసి ఒకరి ఫిర్యాదులు ఇంకొకరు చూసుకునేలా ఒప్పందం చేసుకోవచ్చు. కనీసం నమ్మకమున్న బయటి వ్యక్తి ఒకరి ఈమెయిల్‌ను ఆ ఫైలులో రెండో పేరుగా రాయవచ్చు. అది కూడా లేనిచోట బాధితులకు మిగిలేవి రెండే దారులు: కోడ్‌ను ఫోర్క్ చేసుకోవడం, లేదా వెళ్లిపోవడం.